పద్నాలుగు గిన్నెలు, ఒక కాగితం

ఓస్‌గార్డ్, మిన్నెసోటా
1986 ఏప్రిల్ 14, సోమవారం

సిగ్నీకి,

ఇక్కడ మంచు కరిగింది. నేలమాళిగలోకి నీళ్ళు వచ్చాయి. పంపు పెట్టాను.

నిన్న వంటింటి అరలు సర్దాను. మీ అక్క తోరా పోయినప్పుడు ఊళ్ళోవాళ్ళు వంటలు తెచ్చిన గాజు గిన్నెలు పద్నాలుగు ఉన్నాయి. ప్రతిదాని అడుగున టేపు అంటించి పేరు రాసి ఉంది. మూడు వారాలుగా అవే తింటున్నాను. మాకరోనీ ఎక్కువ. నిన్నటితో అయిపోయింది. అన్నీ కడిగి ఆరబెట్టాను. ఈ వారం తిరిగి ఇచ్చేస్తాను. ఇలాంటి పనులు తోరా చూసుకునేది. అంత కష్టమైన పని కాదనుకుంటాను.

నీ సెనేటు టికెట్ పోటీ కోసం ఆమె రాసుకున్న కార్డుల పెట్టె ఇక్కడే ఉంది. లైబ్రరీలో పనికిరాని పాత కార్డుల వెనక, పార్టీ ప్రతినిధులు ఒక్కొక్కరికీ ఒక కార్డు. వాళ్ళ బదులు వచ్చేవాళ్ళకి కూడా రాసిందట. నేను తెరవలేదు. కావాలంటే పంపుతాను.

మార్చిలో మా వార్డు సమావేశం తోరాని ప్రతినిధిగా ఎన్నుకుంది కదా. ఆమె రాలేకపోతే బదులు ఎవరని అడిగితే నా పేరు రాసిందట. నాకు చెప్పలేదు. ఇప్పుడు ఛైర్మన్ చెస్టర్ స్ట్రాండ్ ఉత్తరం రాశాడు. మే 10న మహాసభలో ఆ కుర్చీలో నేను కూర్చోవాలి. వెళ్తాను.

నువ్వు ఫోన్ చేస్తున్నావని తెలుసు. మోగడం వినిపిస్తుంది. ఎత్తలేకపోతున్నాను. ఉత్తరం రాయి.

పోటీలో ఉండాలా, తప్పుకోవాలా అని ఆల్మా గుండర్సన్ చేత అడిగించావు. నీకు తోచింది చేయి.

ఆర్విడ్


పైన్ క్రాసింగ్
ఏప్రిల్ 18

బావా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లు చదివినా రెండు నిమిషాలు పట్టలేదు. పిల్లల ప్రయోగాల పుస్తకాల్లో ఎర్ర సిరాతో రాసినట్టు రాస్తావేం? "నేలమాళిగలోకి నీళ్ళు వచ్చాయి. పంపు పెట్టాను." మా అక్క ముప్పై ఏడేళ్ళు ఈ మాటలతోనే కడుపు నింపుకుంది కాబోలు.

మాకరోనీ మూడు వారాలు తిన్నావా! ఆదివారం ఇటు రా, బంగాళాదుంపల పులుసు పెడతాను. ఫోను ఎత్తవని నాకు కోపం లేదు. అక్క పడిపోయిన ఆ ఆదివారం నీకు ఫోను చేసింది నేనే కదా. నేనైతే దాన్ని గోడ నుంచి పీకేసేదాన్ని.

ఇక నా గోల. మొన్న చెస్టర్ వచ్చి వరండాలో కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడంటేనే ఏదో అడగడానికి వచ్చాడని అర్థమైపోయింది.

"సిగ్నీ, నువ్వు మంచి నర్సువి. మంచి మనిషివి కూడా."

"చెస్టర్, నాకేమైనా జబ్బా? అలా మొదలుపెట్టావు?"

నవ్వలేదు. వేళ్ళ మీద లెక్క చెప్పాడు. మొత్తం నూట ఎనభై మంది ప్రతినిధులు. రాష్ట్ర సెనేటుకు పార్టీ టికెట్ రావాలంటే నూట ఎనిమిది మంది కావాలి. డ్వేన్ కిట్టెల్సన్‌కి తొంభై ఒకటి. నాకు ఎనభై రెండు. గోడమీద పిల్లులు ఏడుగురు. వాళ్ళలో నువ్వొకడివట! "ఎటూ చెప్పని పెద్దమనిషి" అన్నాడు నీ గురించి. నేను కాదనలేకపోయాను.

"నువ్వు తప్పుకుంటే మొదటి విడతలోనే తేలిపోతుంది. లేకపోతే టికెట్ ఎవరికీ రాదు, సెప్టెంబరు ప్రాథమిక ఎన్నిక దాకా మనలో మనమే కొట్టుకు చస్తాం, నవంబర్లో అవతలి పార్టీవాడు నవ్వుతూ వచ్చి గెలిచిపోతాడు" అన్నాడు. టోపీ తిప్పుకుంటూ, "పైగా మహాసభ జరిగే ఆ శనివారమే చేపల వేట సీజను మొదలు" అన్నాడు. అసలు నొప్పి అక్కడుంది! తేదీ పెట్టింది తనే, క్యాలెండరు చూసుకోలేదు. ఈ రాష్ట్రంలో పెళ్ళి కూడా ఆ రోజు పెట్టుకోరు.

నవ్వుతున్నాను గానీ బావా, అక్క లేకుండా నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఎవరి ఇంటికి ముందు వెళ్ళాలో, ఎవరితో దేని గురించి మాట్లాడకూడదో అన్నీ తనకే తెలుసు. ఆ పెట్టె మాత్రం ఇప్పుడే పంపకు. తన చేతిరాత చూస్తే ఏడుస్తాను. అభ్యర్థి ఏడవకూడదట.

"నీకు తోచింది చేయి" అన్నావు. అది కోపమా? నిజం చెప్పు. పెళ్ళినాడు పరీక్ష పేపర్లు దిద్దడం పూర్తిచేసుకుని నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చి పాస్టరుగారితో "క్షమించండి, ముప్పై రెండు పేపర్లు" అన్నావు చూడు, అప్పుడు కూడా నీ మొహం చూసి నీకు సంతోషమో దుఃఖమో తెలియలేదు. అక్క ఒక్కతే "వస్తాడు" అని నింపాదిగా కూర్చుంది.

నీ మరదలు, ఇప్పటికింకా బరిలోనే ఉన్న
సిగ్నీ


ఓస్‌గార్డ్
ఏప్రిల్ 25

సిగ్నీకి,

కోపం లేదు.

గిన్నెలు ఇచ్చేశాను. ఊరి పటం మీద దారి గీసుకుని బయల్దేరాను. పద్నాలుగు ఇళ్ళు రెండు గంటల పది నిమిషాల్లో పూర్తయ్యాయి. ఒక్క మూత కూడా పగల్లేదు.

అందరూ నీ గురించి అడిగారు. ఆల్మా గుండర్సన్ తలుపు దగ్గరే గిన్నె అందుకుని మూత తీసి లోపలికి చూసింది. తరువాత నావైపు చూసింది. శుభ్రంగా లేదేమోనని నేనూ చూశాను. శుభ్రంగానే ఉంది. కాఫీ తాగమంది. వద్దన్నాను.

"సిగ్నీ నిలబడుతుందా?" అంది.

"తెలియదు" అన్నాను.

"అయ్యో, అలాగా" అంది.

ఆ "అయ్యో" ఎందుకో నాకు అర్థం కాలేదు. మిగతా ఇళ్ళలో కూడా ఇంచుమించు ఇంతే. డ్వేన్ కిట్టెల్సన్ భార్య బెర్నిస్ గిన్నె కూడా వాటిలో ఉంది. బంగాళాదుంపలు, కోడిమాంసం. పద్నాలుగింటిలో అదే బాగుంది. నీకు చెప్పడం న్యాయం. ఆవిడ గిన్నె తీసుకుని చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది.

తోరా కోటు ఇంకా తలుపు వెనక ఉంది. జేబులో నీ కరపత్రాలు ఆరు, ఒక దగ్గు బిళ్ళ ఉన్నాయి. అక్కడే ఉంచాను.

ఆదివారం రాలేను. పంపు సరిగా పనిచేయడం లేదు.

ఆర్విడ్


పైన్ క్రాసింగ్
ఏప్రిల్ 30

బావా, ఏం చేశావయ్యా!

గిన్నెలు ఖాళీగా ఇచ్చావా? పద్నాలుగూ ఖాళీగానే? కాఫీ కూడా తాగకుండా, గుమ్మంలోంచే?

మన దగ్గర గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళదు బావా. రెండు బిస్కెట్లో, గుప్పెడు ఎండు బఠాణీలో, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. ఖాళీ గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతే, మీకూ మాకూ ఇక చెల్లు అని చెప్పినట్టు. నా జన్మలో ఒక్కసారి చూశాను అలాంటిది. ఆ రెండు కుటుంబాలవాళ్ళు ఇప్పటికీ చర్చిలో చెరో వైపు కూర్చుంటారు.

అది చాలదన్నట్టు "నిలబడుతుందా" అంటే "తెలియదు" అన్నావు! సాయంత్రానికల్లా రెండు ఊళ్ళూ తీర్మానించేశాయి: సిగ్నీ తప్పుకుంటోంది, ఇంటివాళ్ళు గిన్నెలతో సహా అన్నీ సర్దేసుకుంటున్నారు అని. నా మనుషులు ముగ్గురు డ్వేన్ దగ్గరికి వెళ్ళిపోయారు. ఇప్పుడు లెక్క తొంభై నాలుగు, డెబ్బై తొమ్మిది.

నిన్న చెస్టర్ మళ్ళీ వచ్చాడు, టైపు చేసిన కాగితంతో. "పార్టీ ఐక్యత కోసం నేను స్వచ్ఛందంగా పోటీ నుంచి తప్పుకుంటున్నాను."

"చూడు సిగ్నీ, మీ బావే దుకాణం కట్టేశాడు. నీకెందుకమ్మా ఇంకా ఈ యాతన?" అన్నాడు.

సంతకం పెట్టేశాను. ఇదిగో, ఈ ఉత్తరంతోనే ఉంది. అతని చేతికి మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. మీ ఇంటికీ వాళ్ళింటికీ మధ్య నాలుగు ఇళ్ళే కదా, నువ్వే ఇచ్చెయ్యి. నీకు కావలసింది ఇదే అయితే నాకూ ఇదే చాలు.

ఎందుకంటే నాకు తెలుసు బావా. "నీకు తోచింది చేయి." "కోపం లేదు." రెండేసి మాటల ఉత్తరాలు. అలా రాసే మనిషికి లోపల ఏముంటుందో నాకు తెలుసు. ఆ ఆదివారం కరపత్రాలు మడవడానికి రమ్మని పిలిచింది నేను. నా వంటింట్లో, నా బల్ల దగ్గర అక్క పడిపోయింది. మా ఆసుపత్రి మూడు వీధుల అవతల. నేను పంతొమ్మిదేళ్ళు పనిచేసిన ఎమర్జెన్సీ గది. జనవరి నుంచి ఆదివారాలు తాళం. అంబులెన్సు జిల్లా కేంద్రానికి వెళ్ళడానికి గంటా పది నిమిషాలు పట్టింది. అక్క చెయ్యి నా చేతిలోనే ఉంది. నర్సుని, ఏం జరుగుతోందో నాకు తెలుస్తూనే ఉంది.

ఆ తలుపు తెరిపించడానికే కదా నేను నిలబడ్డాను. ఇప్పుడు వేదికెక్కి ఆ మాట ఎలా చెప్పను? చెప్తే అక్క చావు చూపించి ఓట్లు అడుక్కున్నట్టుంటుంది. చెప్పకపోతే ఇంక నేను అక్కడ నిలబడటం దేనికి?

అలిసిపోయాను. కాగితం ఇచ్చెయ్యి.

సిగ్నీ


ఓస్‌గార్డ్
మే 4, ఆదివారం

సిగ్నీకి,

కాగితం ఇవ్వలేదు. దీనితో నీకే తిప్పి పంపుతున్నాను. ఇది కాస్త పెద్ద ఉత్తరం. ఓపిక పట్టు.

ముందు గిన్నెలు. నీ ఉత్తరం అందగానే ఆల్మా ఇంటికి వెళ్ళి అడిగాను. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పింది.

"ఏమీ లేకపోతే రెండు బంగాళాదుంపలైనా వేసి ఇవ్వాలయ్యా ఆర్విడ్. ముప్పై ఏడేళ్ళు తోరా పక్కన ఉండి ఇది నేర్చుకోలేదా?"

"మా ఇంట్లోంచి గిన్నెలు వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు."

"నువ్వు బళ్ళో ఉన్నప్పుడు వెళ్ళేవి. నిండుగా."

నేను రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. పాత్ర తిరిగి ఇస్తే శుభ్రంగా ఖాళీగా ఇవ్వాలని పిల్లలకి ముప్పై నాలుగేళ్ళు నేర్పాను. అంతకుమించి ఏ ఉద్దేశమూ లేదు. "తెలియదు" అన్నది నాకు తెలియకే.

ఇంటికి వచ్చి ఏం ఇవ్వవచ్చునా అని నేలమాళిగలోని ఫ్రీజరు తెరిచాను. అడుగున తోరా యాలకుల రొట్టెలు ఎనిమిది ఉన్నాయి. పైన చీటీ: "సిగ్నీ కాఫీ సమావేశాలకు. ఫిబ్రవరి." మార్చి నుంచి నేను ఆ ఫ్రీజరు తెరవలేదు.

ఒక్కొక్కటి రెండు సగాలుగా కోస్తే పదహారు అవుతాయి. పద్నాలుగు ఇళ్ళు. కరిగేదాకా బల్లమీద పెట్టాను. ఇల్లంతా యాలకుల వాసన వచ్చింది. కిటికీ తెరిచాను. మళ్ళీ మూసేశాను.

ఈసారి రెండు రోజులు పట్టింది. ప్రతి ఇంట్లోనూ కూర్చున్నాను. పద్నాలుగు కాఫీలు తాగాను. చాలామంది రొట్టె చూడగానే ఎవరిదో గుర్తుపట్టారు. ఒకరిద్దరు దాన్ని కోయకుండా పక్కన పెట్టారు. నిలబడుతుందా అని అడిగినవాళ్ళకి, "నిలబడాలని నేను కోరుకుంటున్నాను. ఖాళీ గిన్నెలు నా తెలివితక్కువతనం, సిగ్నీది కాదు" అని చెప్పాను. ఆల్మా నాతోపాటు నాలుగిళ్ళకి వచ్చింది. నేను సరిగ్గా చెప్పడం లేదని.

డ్వేన్ ఇంట్లో ఎక్కువసేపు ఉన్నాను. అతను లారీ కింద నుంచి బయటికి వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

"మీ మరదల్ని తప్పుకోమని నేనెప్పుడూ అనలేదు మాస్టారూ. చెస్టర్‌కి పడవ తొందర."

"నువ్వైతే తప్పుకుంటావా?"

"నాకు డెబ్బై తొమ్మిది ఉంటేనా? చస్తే తప్పుకోను."

బెర్నిస్ నవ్వింది. "ఈయనకి తొమ్మిది ఉన్నా తప్పుకోడు. పందిని లారీ ఎక్కించడంలో కూడా అంతే" అంది. అతను నా క్లాసులో రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూర్చుని రాశాడు.

ఇంకో సంగతి. ఇది నువ్వు ఇంకొకరి నోట వినకూడదు. నా ఓటు డ్వేన్‌కి వేద్దామనుకుంటున్నాను. ధాన్యం గిడ్డంగి నడిపినవాడు. ఈ రెండేళ్ళలో వేలానికి పోయిన పొలాలన్నీ అతనికి పేరుపేరునా తెలుసు. సెనేటులో అలాంటివాడు కావాలని నాకు జనవరి నుంచీ ఉంది. తోరాకి చెప్పలేదు. నీకూ చెప్పలేదు. నా మౌనం అదే. నువ్వు అనుకున్నది కాదు.

అయినా నువ్వు తప్పుకోకూడదు. తొంభై నాలుగు నూట ఎనిమిది కాదు. ప్రయోగం పూర్తికాకముందే ఫలితం రాసుకొచ్చే పిల్లలకి నేను సున్నా వేసేవాణ్ణి. ఫలితం సరైనదైనా సరే. నువ్వు లేకపోతే డ్వేన్ గెలుస్తాడు, ఆ తలుపు సంగతి ఎవరూ ఎత్తరు. అతను చెడ్డవాడు కాబట్టి కాదు. ఎవరూ అడగలేదు కాబట్టి.

ఆ డెబ్బై నిమిషాల గురించి చెప్పు. అది తోరా చావు చూపించడం కాదు. అది దూరం. ఆ దూరం ఈ జిల్లాలో అందరికీ ఉంది. ఆ డెబ్బై నిమిషాలూ నేను ఇక్కడ ఫోన్ పక్కన నిలబడి ఉన్నాను. కుర్చీ పక్కనే ఉంది. కూర్చోవచ్చునని తోచలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు. నువ్వు కావాలంటే చెప్పుకో.

కోపం లేదు అన్నది, కోపం లేదు కాబట్టి. ఇంకేం రాయాలో నాకు తెలియలేదు. పడిపోయే ముందు తోరా ఏదో అని నవ్వుతూ ఉందని ఆ రోజు నువ్వే చెప్పావు. ఆమె ఆఖరి మధ్యాహ్నం నవ్వుతూ నీ దగ్గర గడిచింది. నేను దాన్ని తలుచుకుంటూ ఉంటాను. ఏమని నవ్విందో మాత్రం నువ్వు చెప్పలేదు.

రెండు సగాలు మిగిలాయి. ఒకటి నీది. శనివారం తెస్తాను. పెట్టె కూడా.

ఆర్విడ్


పైన్ క్రాసింగ్
మే 7

ఓరి నా బావా,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్లమీదే నిలబడి చదివాను. ముందు ఏడ్చాను. తర్వాత "నా ఓటు డ్వేన్‌కి" అన్నదగ్గర ఎంత గట్టిగా అరిచానంటే, పోస్టుమాస్టరు బయటికి వచ్చి "మళ్ళీ ఎవరైనా పోయారా సిగ్నీ?" అన్నాడు. "ఇంకా లేదు, శనివారం పోతాడు" అన్నాను.

మా అక్క కుర్చీలో కూర్చుని డ్వేన్‌కి ఓటా! ఊళ్ళోవాళ్ళందరికీ నా కోసం రొట్టెలు పంచి, నువ్వు మాత్రం అవతలివాడికి వేస్తావా? ఇంతకన్నా నువ్వు నామీద కోపంగా ఉంటేనే నయంగా ఉండేది. ఆ కుర్చీ అక్కది, తెలిసిందా? అక్కది!

(నీ జవాబు నాకు తెలుసు. "కుర్చీ తోరాది. ఓటు నాది." చూశావా, నీలాగా రాయడం నాకూ వచ్చేసింది.)

కాగితం పొయ్యిలో వేశాను. నిలబడుతున్నాను. చెస్టర్‌కి చెప్తే టోపీ తీసి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "పడవ బండికి కట్టేసి ఉంచుకో చెస్టర్, ఎందుకైనా మంచిది" అన్నాను. నీ పద్నాలుగు కాఫీల పుణ్యమా అని ముగ్గురిలో ఇద్దరు వెనక్కి వచ్చేశారు. మూడోవాడికి రొట్టె అందలేదట, అలిగాడు.

డెబ్బై నిమిషాల సంగతి చెప్తాను. నువ్వు నిలబడ్డ సంగతి చెప్పను. అది నాకు రాశావు, వాళ్ళకి కాదు.

అక్క ఎందుకు నవ్విందంటే, కరపత్రాలు వెయ్యి మడవాలి, పొద్దు వాలుతోంది. "బావని కూడా పిలుద్దామా సాయానికి?" అన్నాను. అక్క ఏమందంటే, "ఆర్విడ్‌నా? ముందు స్కేలు తెస్తాడు. తర్వాత కాగితం మధ్యభాగం కొలుస్తాడు. మొదటి వంద మడిచేసరికి నువ్వు సెనేటర్‌గా రిటైరై ఉంటావు." అని తనే పగలబడి నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అంతే బావా. ఆ తర్వాతిది నీకు తెలుసు.

నీ గురించే నవ్వింది. నీకు రాయడానికి నాకు ఆరు వారాలు పట్టింది. ఇక నువ్వు ఆలస్యం చేశావని దెప్పను.

శనివారం కలుద్దాం. చొక్కా ఇస్త్రీ చేసుకుని రా. ద్రోహులు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి.

సిగ్నీ


ఓస్‌గార్డ్
మే 12, సోమవారం

సిగ్నీకి,

ఓటింగ్ జరుగుతున్నంతసేపూ అభ్యర్థులిద్దరినీ లోపల కూర్చోబెట్టారు కాబట్టి బడి హాలులో జరిగింది నువ్వు చూడలేదు. అందుకని రాస్తున్నాను. మిమ్మల్ని కూర్చోబెట్టింది నా పాత ప్రయోగశాల. కొళాయి ఇంకా కారుతోందా?

నువ్వు మాట్లాడుతూ "డెబ్బై నిమిషాలు" అని ఆగావు. నీకు అక్కడినుంచి కనిపించి ఉండదు. ఎవరూ దగ్గలేదు. ఆల్మా ఊలు అల్లుతోంది, సూదులు ఆగిపోయాయి. మా ముందు వరసలో ఒకాయన భార్య చేతిమీద చెయ్యి వేశాడు. నువ్వు తోరా పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

మొదటి విడతలో డ్వేన్‌కి తొంభై ఒకటి, నీకు ఎనభై మూడు, ఎవరికీ వేయనివారు ఆరుగురు. రెండోది, మూడోది పెద్దగా మారలేదు. మధ్యాహ్నం అయింది. బయట ఆవరణలో పడవలు కట్టిన బండ్లు ఇరవై రెండు. కిటికీలోంచి లెక్కపెట్టాను. చెస్టర్ వేదిక మీద నుంచి మాటిమాటికీ తన పడవ వైపు చూస్తున్నాడు. నాలుగో విడత తరువాత, "వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళవచ్చు" అన్నాడు. ఎవరూ లేవలేదు. నూట ఎనభై మంది, చేపల వేట మొదటిరోజు, ఎండ కాస్తుండగా. ఈ జిల్లాలో ఇలాంటిది నేను చూడలేదు.

అయిదో విడతలో డ్వేన్‌కి నూట ఒకటి, నీకు డెబ్బై ఏడు. ఇద్దరు ఎటూ లేరు. అప్పుడు డ్వేన్ మైకు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"ఇది సిగ్నీ రాసింది. నేను చదువుతున్నాను. ఆవిడ చేతిరాత నాకన్నా బాగుంటుంది" అన్నాడు. చదివాడు. గెలిస్తే తను పెట్టే మొదటి బిల్లు పైన్ క్రాసింగ్ ఎమర్జెన్సీ గది వారమంతా తెరిచి ఉంచడానికి. పెట్టకపోతే రెండేళ్ళ తరువాత ఇదే హాలులో నిలదీయమన్నాడు. సెనేటు పదవి నాలుగేళ్ళని ఎవరో అరిచారు. "అయినా రెండేళ్ళకే నిలదీయండి" అన్నాడు. నవ్వారు.

నువ్వు తప్పుకుంటున్నావని ఎవరూ చెప్పలేదు. నీవాళ్ళు ఎవరికి ఇష్టమైతే వాళ్ళకి వేసుకోవచ్చని మాత్రమే నువ్వు చెప్పి పంపావు. ఆరో విడతలో నూట తొమ్మిది, డెబ్బై ఒకటి. అయిపోయింది.

నా సంగతి. మొదటి అయిదుసార్లూ డ్వేన్‌కి వేశాను. ఆరోసారి కాగితం అందుకున్నాక, డ్వేన్‌కి ఇక నా అవసరం లేదని లెక్క కట్టాను. పక్కన ఆల్మా, "రాయవయ్యా, అందరూ చూస్తున్నారు" అంది. నీ పేరు రాశాను. డెబ్బై ఒకటిలో ఒకటి నాది. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అయిదుసార్లు నువ్వు ఆ గదిలో కూర్చుని అంకెలు విన్నావు. ఆరోసారి నేను అటువైపు ఉండాలనిపించింది. అంతకన్నా మంచి కారణం చెప్పలేను.

లోపల మీ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

మిగిలిన సగం రొట్టె ఈ ఉదయం తిన్నాను. కాఫీతో. కూర్చుని.

ఫోన్ మోగితే ఎత్తుతాను.

ఆర్విడ్


పైన్ క్రాసింగ్
మే 15

బావా,

ఫోను చేయవచ్చు, తెలుసు. ఇది మాత్రం ఫోన్లో చెప్పలేను.

లోపల ఏం జరిగిందా? కొళాయి కారుతూనే ఉంది. అయిదో విడత అంకెలు చెప్పి వెళ్ళాక నేను నీ సగం రొట్టె విప్పాను. ఆకలి. డ్వేన్ అటు తిరిగి కూర్చున్నాడు. వాసనకి ఇటు తిరిగాడు.

"తోరాదా?"

"అవును. కావాలా?"

నీ పాత బల్లమీద, రసాయనాలు కాల్చిన మరకలమీద రుమాలు పరిచి కోశాను. ఇద్దరం తిన్నాం. చేతులు దులుపుకుని, "నీకేం కావాలి సిగ్నీ?" అన్నాడు. "ఆ తలుపు" అన్నాను. "రాసివ్వు" అన్నాడు. అంతే. ఆరు వారాలుగా నన్ను తప్పుకోమన్నవాళ్ళు ఎంతమందో. నీకేం కావాలని అడిగినవాడు వీడొక్కడే. అదీ నేను ఇంకా అక్కడ కూర్చుని ఉన్నాను కాబట్టి. నువ్వు వాడికి వేసినందుకు క్షమించేశాను. సగం.

ఓడిపోయాను బావా. ఏడ్చాను కూడా, ఆదివారం, తలుపు వేసుకుని. ఇప్పుడిక అభ్యర్థిని కాను కదా అని నువ్వు కారులో పెట్టిన పెట్టె తెరిచాను. ఒక్కో కార్డూ చదువుతుంటే అక్క పక్కనే కూర్చుని చెవిలో చెప్తున్నట్టుంది. ఆల్మా: "ముందు మనవరాలి సంగతి అడుగు." చెస్టర్: "టోపీ తీస్తే జాగ్రత్త." డ్వేన్‌కి కూడా ఉంది: "మంచివాడు. ఎవరైనా అడగాలి."

నీ కార్డు నీకే పంపుతున్నాను. మార్చి తేదీ ఉంది. అంటే నువ్వు ఎవరికీ చెప్పలేదనుకుంటున్నావే, ఆ సంగతి మా అక్కకి అప్పుడే తెలుసు. అన్నీ సిరాతో రాసింది, నీది మాత్రం పెన్సిలుతో. ఆదివారం రా. పులుసు పెడతాను. ఎంత ఆలస్యమైనా సరే.

సిగ్నీ

*హౌగెన్, ఆర్విడ్. ఓస్‌గార్డ్. నా బదులు.*
*డ్వేన్ వైపు మొగ్గు. నాకు తెలియదనుకుంటున్నాడు. అడగవద్దు, ఒత్తిడి చేయవద్దు.*
*సిగ్నీ తప్పుకుంటే రాడు. నిలబడి ఉంటే వస్తాడు. ఆలస్యంగా.*
*పెళ్ళికీ అలాగే వచ్చాడు. కుర్చీ తీయవద్దు.*